పథ్యమునకు బీమా లేదు

గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనరాదని తెలుగువారి సామెత. కాని గొడ్డలికి మాత్రమే పైకము చెల్లించి, గోటికి దమ్మిడీయైన ఇయ్యని ఏర్పాటొకటి మన దేశమున చట్టబద్ధముగనే నడచుచున్నది. అదియే ఆరోగ్య బీమా.

మధుమేహము ముదిరి కాలు తీసివేయవలసి వచ్చినచో, పాలసీ నియమములకు లోబడి బీమా సంస్థ శస్త్రచికిత్స ఖర్చు భరించును. మూత్రపిండములు చెడినచో డయాలిసిస్‌కు చెల్లించును. గుండె రక్తనాళములు పూడినచో వానిని తెరపించుటకు చెల్లించును. ఈ మూడింటిని రాకుండ చేయుటకో, కనీసము పదేండ్లు వెనుకకు నెట్టుటకో, ఏమి తినవలెను, ఎంత తినవలెను అని నిర్ణయించి చెప్పగల పోషకాహార నిపుణుని కడకు పోయి, ఆ ఖర్చు కోరినచో మాత్రము “ఇది పాలసీ పరిధిలోనిది కాదు” అను సమాధానము వచ్చును. ఏటేట తప్పక ప్రీమియము కట్టుచున్న గృహస్థునకు ఈ సమాధానము మింగుడుపడదు. అతని విసుగు న్యాయమైనదేనా? న్యాయమైనచో లోపము ఎక్కడ నున్నది? దానిని సరిదిద్దవలసినవారెవరు? ఈ ప్రశ్నలు నేడు సావధానముగ విచారింపదగియున్నవి.

ఒకే నగరమున రెండు సంస్థలు

హైదరాబాదు నగరమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థయందు ఒక గదిలో, బెరిబెరి వ్యాధిని గూర్చిన విచారణకై రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే క్రమముగ పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. బెరిబెరి ఆంధ్రులకు పరాయి వ్యాధి కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారులలో అది పాతుకొనియుండెను. తవుడంతయు పోవునట్లు మర పట్టిన తెల్లని బియ్యమే ముఖ్యాహారమైన చోట, అది కాళ్ళ తిమ్మిరిగ మొదలై గుండె వరకు ప్రాకెడిది. దానిని తొలగించినది శస్త్రము కాదు, వెలగల మందును కాదు. తవుడుతో పారవేయుచున్న విటమిను బి1 తిరిగి భోజనములోనికి వచ్చుటయే దానికి చికిత్స. దంపుడు బియ్యము, ఉప్పుడు బియ్యము తిన్నవారిని ఆ వ్యాధి అంతగా బాధింపలేదు.

ఆ సంస్థ 2024 మే నెలలో భారతీయుల కొరకు 17 ఆహార సూత్రములు ప్రకటించినది. దేశములోని మొత్తము వ్యాధి భారమున 56.4 శాతము సరికాని ఆహారము వలన కలుగుచున్నదని ఆ సందర్భమున అంచనా చెప్పినది. సరియైన ఆహారము, శారీరక శ్రమ తోడైనచో రెండవ రకపు మధుమేహమును 80 శాతము వరకు నివారింపవచ్చుననియు తెలిపినది.

బీమా వ్యాపారమును నియంత్రించు కేంద్ర ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయము కూడ ఈ హైదరాబాదు నగరముననే యున్నది. 1999 నాటి చట్టము దానికి ఆధారము. ఆరోగ్య బీమా పాలసీలలో ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రీతిగ వ్రాయుచున్న మినహాయింపులను ఒక క్రమమునకు తెచ్చుటకు, 2019 సెప్టెంబరులో ఆ సంస్థ ప్రామాణిక వాక్యములను నిర్ణయించినది. పాలసీదారునకు పత్రము అర్థమగుటకు అది మేలైన పనియే. ఆ మినహాయింపులలో పదునాలుగవది ఆహార పూరకములను గూర్చినది. వైద్యుని చీటి లేకుండ కొనదగిన విటమినులు, ఖనిజములు మొదలగు వానికి బీమా వర్తింపదు. ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సలో భాగముగ వైద్యుడు వ్రాసియిచ్చినప్పుడు మాత్రమే వర్తించును. ఇదియే దాని సారాంశము. నేటికిని పాలసీ పత్రములలో ఈ నియమము కనుపించుచున్నది.

ఈ నియమమును జాగ్రత్తగ చదివినచో ఒక సంగతి తెలియును. నిరాకరింపబడినది ఆ వస్తువు కాదు. అదే పోషక చూర్ణము ఆసుపత్రి మంచముపై నున్నవానికి చికిత్స. మంచమెక్కకుండ ఉండవలెనని కోరువానికి సొంత ఖర్చు. భేదము మందులో లేదు, రోగిలోను లేదు, మంచములో నున్నది.

బీమా సంస్థల వాదము

ఇట్లు జరుగుటకు చరిత్రలో కారణము కలదు. 1986లో ప్రభుత్వరంగ సాధారణ బీమా సంస్థలు మెడిక్లెయిము పాలసీని ప్రవేశపెట్టినవి. ఆసుపత్రిలో కనీసము 24 గంటలు చేరియుండుటయే దానికి పునాది. అటుపిమ్మట ఒక్క దినములో ముగియు చికిత్సలు కొన్ని చేర్చబడినవి. బయటిరోగుల ఖర్చులకు అదనపు ప్రీమియముతో కొన్ని పాలసీలును వచ్చినవి. అయినను సామాన్య పాలసీ స్వరూపము మారలేదు. అది ఆసుపత్రి బీమా. పేరు మాత్రము ఆరోగ్య బీమా.

సంస్థల పక్షమున చెప్పబడు వాదములు మూడు. మొదటిది బీమా సూత్రమునకు సంబంధించినది. ఎవరికి వచ్చునో తెలియని నష్టమును పలువురు కలిసి పంచుకొనుటయే బీమా. ఇల్లు కాలుట అనిశ్చితము. ఇంటికి సున్నము వేయుట నిశ్చితము. అగ్నిప్రమాద బీమా సున్నమునకు పైకమీయదు. అట్లే భోజనము ప్రతివానికి ప్రతిదినము తప్పనిది గనుక దానిని బీమాలో చేర్చరాదందురు. రెండవది, చేర్చినచో ప్రతివాడును క్లెయిము పంపునని, ప్రీమియములు పెరిగి ఆ భారము తిరిగి పాలసీదారులపైననే పడునని. మూడవ వాదము బహిరంగముగ అంతగా వినపడదు, కాని బలమైనది అదియే. ఆరోగ్య బీమా ప్రాయికముగ ఏడాది ఒప్పందము. 2011 నుండి పాలసీదారుడు ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి మారు సౌకర్యము కూడ కలదు. నేడు ఒక కంపెనీ ఖర్చుపెట్టి నివారించిన మధుమేహము వలన పదేండ్ల తరువాత మిగులు సొమ్ము వేరొక కంపెనీకి దక్కవచ్చును. తాను నాటిన చెట్టు పొరుగువాని పెరటిలో కాయునని తెలిసినవాడు నీరు పోయుటకు సంకోచించును.

ఈ వాదములను కొట్టిపారవేయుట తగదు. బియ్యము, పప్పు, కూరగాయల ఖర్చు బీమా కంపెనీ ఈయవలెనని ఎవరును అడుగరు. కాని అన్నము వేరు, పథ్యము వేరు అని తెలుగుభాష ఏనాడో గుర్తించినది. అన్నము అందరికి సామాన్యము. పథ్యము ఈ రోగికి, ఈ దశలో, ఇంత అని నిర్ణయించి చెప్పునది. అనగా చికిత్సలో ఒక భాగము. నలువది రెండేండ్ల ఉపాధ్యాయుడొకడు పరీక్ష చేయించుకొనగా పరగడుపు చక్కెర 115 అని తేలినదనుకొందము. అతడు ఇంకను రోగి కాడు, ఆరోగ్యవంతుడును కాడు. పూర్వమధుమేహ దశలో నున్నవాడు. అతనికి కావలసినది ఇంటికి సున్నము కాదు; అంటుకొనుచున్న నిప్పురవ్వను ఆర్పు నీరు.

విచిత్రమేమనగా, ఆ పరీక్షకు ఆదరణ కలదు. కొన్ని పాలసీలు నిర్ణీత కాలమునకొకసారి ఆరోగ్య పరీక్షల ఖర్చునిచ్చును. 2012 నాటి కేంద్ర బడ్జెటు నివారణ కొరకు చేయించుకొను పరీక్షలకు 5,000 రూపాయల వరకు ఆదాయపు పన్నులో మినహాయింపు కల్పించినది. రోగము పొంచియున్నదని తెలిసికొనుటకు సహాయము. తెలిసిన పిమ్మట దానిని తరుముటకు మాత్రము సహాయము లేదు.

పరీక్షకు నిలిచిన సత్యము

పథ్యమువలన నిజముగ వ్యాధి తగ్గునా యను సందేహమునకు మన దేశములోనే సమాధానము లభించినది. చెన్నపట్టణమున డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము నడపిన భారత మధుమేహ నివారణ కార్యక్రమ ఫలితములు 2006లో ప్రకటింపబడినవి. పూర్వమధుమేహ దశలోనున్న 531 మందిని నాలుగు వర్గములుగ చేసి మూడేండ్లు పరిశీలించిరి. మామూలు సలహాతో విడిచిపెట్టిన వర్గములో నూటికి 55 మంది మధుమేహ రోగులైరి. ఆహార వ్యాయామములలో మార్పు చేయించి వెంటనుండి చూచిన వర్గములో 39.3 శాతము మాత్రమే అట్లయిరి. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన వర్గములో ఆ సంఖ్య 40.5 శాతము. అనగా భోజనపు మార్పు మాత్రకు తీసిపోలేదు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనము ప్రకారము దేశములో మధుమేహ రోగులు సుమారు 10 కోట్ల 10 లక్షలు. పూర్వమధుమేహ దశలోనివారు సుమారు 13 కోట్ల 60 లక్షలు. రోగుల కంటె రోగపు గుమ్మమునందు నిలిచినవారే ఎక్కువ. నేటి బీమా వారిని గుమ్మము దాటి లోనికి వచ్చిన పిదపనే పలుకరించుచున్నది.

క్షయవ్యాధి విషయమున లభించిన సాక్ష్యము ఇంకను ఆశ్చర్యకరము. జార్ఖండ్ రాష్ట్రమున నాలుగు జిల్లాలలో 2019 మొదలు 2022 వరకు క్షయ రోగుల ఇండ్లలోనివారికి నెలనెల బియ్యము, పప్పు, విటమిను మాత్రలు ఇచ్చి చూచిరి. ఇట్టి సహాయము పొందని కుటుంబములతో పోల్చగా, పొందిన కుటుంబములలో కొత్తగా క్షయ సోకుట 39 శాతము తగ్గినదని 2023లో ప్రకటించిరి. టీకా కాదు, మాత్ర కాదు. తూచి ఇచ్చిన బియ్యము, పప్పు ఆ పని చేసినవి.

అయితే ఒక జాగ్రత్త అవసరము. పథ్యము నోటిమాటతో నెరవేరునది కాదు. జపాను దేశము 2008 నుండి బీమా సంస్థలపైననే ఒక విధి మోపినది. 40 నుండి 74 ఏండ్ల వయసువారికి ఆరోగ్య పరీక్ష చేయించి, ప్రమాదము కనుపించిన వారికి వైద్యులు, ఆరోగ్య నర్సులు, ఆహార నిపుణుల ద్వారా మార్గదర్శనము చేయించవలెను. ఈ ఏర్పాటు పొందిన పురుషులను గూర్చి 2020లో వెలువడిన ఒక పరిశీలన చెప్పుకోదగిన లాభమేమియు కానరాలేదని తేల్చినది. దీనివలన నేర్వవలసిన పాఠము పథ్యము వ్యర్థమని కాదు. ఒకటి రెండు మాటలు చెప్పి పంపిన సలహాకును, చెన్నపట్టణమున వలె సంవత్సరముల తరబడి వెంటనుండి చేయించిన మార్పునకును చాల భేదమున్నదని గ్రహింపవలెను. బీమా చెల్లింపు ఒక్క పర్యాయపు సంప్రదింపునకు పరిమితమైనచో అదియు నామమాత్రమే యగును.

అమెరికాలో వృద్ధులకై నడచు మెడికేర్ అను ప్రభుత్వ బీమా 2002 నుండి మధుమేహ రోగులకును, మూత్రపిండ వ్యాధిగ్రస్తులకును ఆహార చికిత్స ఖర్చు నిచ్చుచున్నది. పూర్వమధుమేహ దశలోనివారికి నివారణ కార్యక్రమము ఆ బీమాలో ప్రవేశించినది 2018 ఏప్రిలులో. ధనిక దేశమునకే రోగము వచ్చినవాని నుండి రానున్నవాని వరకు నడచుటకు పదునారేండ్లు పట్టినది. కాని అక్కడ ఆ అడుగు పడినది.

ప్రభుత్వ బీమాకు సాకు లేదు

ప్రైవేటు కంపెనీకి ఏడాది ఒప్పందమను కారణమున్నది. ప్రభుత్వ బీమాకు ఆ కారణమును లేదు. ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలులో మహబూబ్‌నగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమైనది. పేదవాడు పెద్ద ఆసుపత్రి మెట్లెక్కగలుగుట దానివలన కలిగిన మేలు. ఆ మేలును తక్కువచేయుట అన్యాయము. తెలంగాణము 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచినది. ఆంధ్రప్రదేశమున అది 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగ పేరు మార్చుకొన్నది. 2018 సెప్టెంబరులో కేంద్రము ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకము కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల ఆసుపత్రి చికిత్స కల్పించుచున్నది. పరిమితులు పెరుగుచున్నవి, పేర్లు మారుచున్నవి. ఆసుపత్రి గడప మాత్రము కదలలేదు.

ఆయుష్మాన్ భారత్ ఇచ్చు సౌకర్యముల పట్టికలో ఆసుపత్రిలో నున్నంత కాలము రోగికి పెట్టు భోజనము కూడ చేరియున్నది. ఇది సమంజసమే. భోజనము చికిత్సలో అంగమని ప్రభుత్వమే ఒప్పుకొన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? అయినచో ఆ అంగీకారము రోగి ఆసుపత్రి విడిచిన దినముతో ఎందుకు ముగియవలెను? అతడు చేరుటకు ముందే ఎందుకు మొదలుకారాదు?

పౌరుడు కంపెనీని మార్చుకొనగలడు గాని ప్రభుత్వమును ఏటేట మార్చుకొనలేడు. నలువదియవ ఏట అతనికి పథ్యము చెప్పించని ప్రభుత్వమే అరువదియవ ఏట అతని డయాలిసిస్ ఖర్చు భరింపవలసియున్నది. ఇక్కడ చెట్టు నాటువాడును, ఫలము తినువాడును ఒక్కడే. కావున దయాధర్మముల మాట అటుంచి, కేవలము లెక్కల దృష్టితో చూచినను ప్రభుత్వమునకు ఈ నిర్లక్ష్యము నష్టదాయకము.

నివారణకు వేరు ఏర్పాటు కలదు గదా యని అధికారులు చెప్పవచ్చును. గ్రామములలో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములు కలవు. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపుపోటు, మధుమేహము పరీక్షించుట వాని విధులలో ఒకటి. ఇది మంచి ఆరంభము. కాని ఉపకేంద్రపు సిబ్బందిలో సామాజిక ఆరోగ్య అధికారి, ఆరోగ్య కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు ఉందురు గాని పోషకాహార నిపుణునకు స్థానము లేదు. తెలిసికొను కన్ను తెరచిరి. నడిపించు చేయి ఇంకను చాపలేదు.

“వచ్చును” అను మాట, “వలెను” అను మాట

2020 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య పరిరక్షణకు, నివారణకు సంబంధించిన మార్గదర్శకములు వెలువరించినది. పాలసీదారులు ఆరోగ్యమును కాపాడుకొన్నచో వారికి వ్యాయామశాల, యోగా కేంద్రముల రుసుములలోను, పోషక పదార్థముల కొనుగోలులోను సహాయపడు కూపనులు కంపెనీలు ఈయవచ్చునని అందు చెప్పబడినది. పైకి చూచిన నిషేధము తొలగినట్లే కనుపించును. కాని వ్యాకరణము చదువుకొన్న విద్యార్థికి తెలియును: “వచ్చును” అనునది అనుమతి, “వలెను” అనునది విధి. అనుమతి కంపెనీ ఇచ్చకు లోబడియుండును. అది బహుమానము, హక్కు కాదు.

ఆ “వచ్చును” కొన్ని విషయములలోనైన “వలెను” కావలసియున్నది. అన్ని రోగములకు, అందరికి ఒక్కసారి అమలుచేయుట సాధ్యము కాదు. పరీక్షచే నిర్ధారణయైన పూర్వమధుమేహము, తొలిదశలోని మూత్రపిండ వ్యాధి, గర్భిణుల రక్తహీనత, క్షయ రోగుల కుటుంబములు — ఈ నాలుగింటితో ఆరంభింపవచ్చును. ఏడాదికి ఇన్ని సంప్రదింపులని సంఖ్య నిర్ణయించినచో దుర్వినియోగపు భయము తగ్గును. నిపుణులెవరు అను ప్రశ్నకు 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము దారి చూపినది. ఆహార నిపుణులను అది ఆరోగ్య వృత్తులవారిలో చేర్చినది. వారి నమోదు పూర్తియైనచో, అర్హత గలవారి సంప్రదింపును వైద్యుని సంప్రదింపుతో సమానముగ చూచుటకు అడ్డుండదు. ఈ పని ముందుగ ప్రభుత్వ బీమాలలోనే మొదలుపెట్టుట న్యాయము. అక్కడ లెక్క తేలినచో కంపెనీలకు విధి నిర్ణయించుట సులభమగును.

సలహా ఒక్కటియే కడుపు నింపదను మాట కూడ మరువరాదు. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారము దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనులు, ఆంధ్రప్రదేశమున 58.8 శాతము, తెలంగాణమున 57.6 శాతము. వీరిలో పెక్కుమందికి పప్పు, ఆకుకూర, గ్రుడ్డు తినవలెనని తెలియకపోలేదు. అవి కొనుట కష్టము. అట్టివారికి బీమా చీటితోపాటు రేషను దుకాణములో పప్పును దొరకవలెను. జార్ఖండ్‌లో పనిచేసినది ఉపన్యాసము కాదు, ఆహార ధాన్యము.

బడి నేర్పుచున్న పాఠము

భోజనమును నివారణగ ఎంచి, గ్రాముల లెక్కన చట్టములోనికి ఎక్కించిన చోటు దేశమున ఒకటి కలదు. అది పాఠశాల. 1995 ఆగస్టు 15న ప్రాథమిక విద్యకు పోషకాహార సహాయ పథకము మొదలైనది. 2001లో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టవలెనని ఆదేశించినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము దానిని హక్కు చేసినది. ప్రాథమిక తరగతుల బాలునకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ప్రాథమికోన్నత తరగతులవానికి 700 కేలరీలు, 20 గ్రాములు. వారమునకొకసారి నీలిరంగు ఇనుప మాత్రను ఉపాధ్యాయుల యెదుటనే కౌమార బాలబాలికలచే మ్రింగించు కార్యక్రమము కూడ ఈ ఆలోచన ఫలమే. ఏ పిల్లవానిని గూర్చియు “వీడు ముందు ఆసుపత్రిలో చేరవలెను, పిమ్మట భోజనము పెట్టుదుము” అని ఎవరును అనలేదు.

బాల్యమున ప్రభుత్వము అంగీకరించిన ఈ సత్యమే, బాలుడు పెద్దవాడై బీమా పత్రము చేతబట్టునప్పటికి మినహాయింపుల పట్టికలో చేరిపోవుచున్నది. ప్రతిదినము వడ్డన చూచు ఉపాధ్యాయులకు ఈ వైరుధ్యము ఇతరులకంటె స్పష్టముగ కనుపించును. వారును పాలసీదారులే, లేదా ఉద్యోగుల ఆరోగ్య పథకములోని సభ్యులే. తమ సంఘములు ప్రభుత్వముతో చర్చించునప్పుడు ఆసుపత్రుల సంఖ్యను, చెల్లింపు పరిమితిని గూర్చి అడుగుట పరిపాటి. ఆ కోర్కెల జాబితాలో పథ్యమును, నివారణను ఒక అంశముగ చేర్చుట వారి చేతిలోని పని. పై తరగతుల విద్యార్థులు కూడ ఇంటిలోని పాలసీ పత్రము తెచ్చి మినహాయింపుల పుట చదివినచో, అది పౌరశాస్త్రములో ఒక మంచి అభ్యాసమగును.

మందు వ్రాసిన ప్రతి వైద్యుడును పథ్యము కూడ చెప్పుట ఈ దేశపు ఆచారము. ఆహారము శరీరమునకు ఉపస్తంభములలో మొదటిదని ఆయుర్వేదము చెప్పినది. నేటి పరిశోధన దానికి సంఖ్యలు సమకూర్చినది. పాఠశాలలో దానిని ఒప్పుకొన్న చట్టము, ఆసుపత్రి మంచముపై దానిని ఒప్పుకొన్న బీమా, ఈ రెండింటి నడుమనున్న నలువది యేండ్ల జీవితమున కూడ దానిని ఒప్పుకొనవలెను. అంతవరకు పాలసీదారుని విసుగు నిష్కారణమనుటకు వీలులేదు.